మా ఓనరు, ఎనిమిదో నంబరు

మొన్న మా మనవడికి కొత్త క్యాచర్ మిట్ కొన్నారు, బేస్‌బాల్‌లో బ్యాటర్ వెనక బంతి పట్టేవాడు చేతికి వేసుకునే తోలు తొడుగు. వాళ్ళ లిటిల్ లీగ్ (పిల్లల బేస్‌బాల్) జట్టులో వాణ్ణి క్యాచర్‌గా పెట్టారట. తోలు బిరుసుగా ఉందని మా అల్లుడు గ్యారేజీలో కూర్చుని దానికి నూనె పట్టిస్తున్నాడు. ఆ వాసన ముక్కుకి తగలగానే న్యూజెర్సీలో, క్లిఫ్టన్ ఊళ్ళో మేము మొదట అద్దెకున్న ఇల్లు గుర్తొచ్చింది. మేడ మీద వాటాలో మేము, కింద వాటాలో ఓనరు, ఓనరమ్మ. ఏటా మంచు కరగడం మొదలవగానే ఆయన బేస్‌మెంట్ లోంచి తన పాత మిట్ పైకి తెచ్చి, మెట్ల పక్కన కుర్చీ వేసుకుని, చిరిగిన బనీను గుడ్డతో దానికి ఇదే నూనె రాసేవాడు. నీట్స్‌ఫుట్ ఆయిల్ అంటారు, పశువుల కాలి ఎముకల నుంచి తీస్తారు. రాశాక మిట్ నడుమ బంతి పెట్టి, తాడుతో బిగించి కట్టి, రాత్రికి పరుపు కింద పెట్టేవాడు. అరవై దాటిన మనిషి, ఆడేదేమీ లేదు. అయినా ఏటా నూనె పట్టించాల్సిందే.

"పరుపంతా కంపు" అని ఓనరమ్మ గొణిగేది. ఆయన వినిపించుకునేవాడు కాదు.

తొంభైల మొదట్లో గుంటూరు నుంచి వచ్చాం. నాది కోబాల్ ప్రోగ్రామింగ్ ఉద్యోగం. పొద్దున్నే బస్సెక్కి న్యూయార్క్ వెళ్ళి, చీకటి పడ్డాక తిరిగొచ్చేవాణ్ణి. ఆ రోజుల్లో అద్దె చెక్కు చేతికే ఇవ్వాలి. ఒకటో తారీఖున చెక్కు పట్టుకుని కిందికి దిగితే, వంటగది బల్ల మీద రేడియోలో న్యూయార్క్ బేస్‌బాల్ జట్టు యాంకీస్ ఆట మోగుతూ ఉండేది. "కూర్చో, ఈ ఇన్నింగ్స్ అయ్యాక వెళ్దువు" అనేవాడు ఓనరు. బేస్‌బాల్‌లో ఇన్నింగ్స్ ఎప్పుడైపోతుందో చెప్పడం కష్టం. పైన మా ఆవిడ అన్నం వడ్డించి ఎదురు చూస్తూ ఉండేది.

మొదటి నెలే నా చేతిలోంచి చెక్కు అందుకుంటూ నా చిటికెన వేలు చూశాడు. పై కణుపు దగ్గర కొంచెం పక్కకి తిరిగి ఉంటుంది. కాలేజీలో మ్యాట్ వికెట్ మీద కీపింగ్ చేస్తూ, లేచిన బంతి తగిలి విరిగింది. కట్టు కట్టించుకోకుండా నాలుగు రోజులు ఇంట్లో దాచిపెట్టాను, అలాగే అతుక్కుంది. "ఇది ఎలా అయింది?" అన్నాడు. క్రికెట్, వికెట్ కీపర్ అని చెప్తుంటే మధ్యలోనే ఆపేసి, తన కుడి చెయ్యి బల్ల మీద బోర్లా పెట్టాడు.

ఆ చెయ్యి ఇప్పటికీ మరిచిపోలేదు. ఉంగరపు వేలు పై కణుపు నుంచి మధ్య వేలి మీదికి ఒరిగి ఉంది. చూపుడు వేలు గోరు రెండుగా చీలి పెరిగింది. బొటన వేలి మొదట్లో ఎముక ఉబ్బి గట్టిపడిపోయింది. కాఫీ కప్పు పట్టుకుంటే చిటికెన వేలు ముడుచుకోదు, బయటికే నిలబడి ఉంటుంది. హైస్కూల్లో, తర్వాత ఫ్యాక్టరీ జట్లలో క్యాచర్‌గా ఆడాడట. బ్యాటుకి కొసన తగిలిన బంతి దారి మార్చుకుని వచ్చి, మిట్ తొడగని చేతికి తగులుతుంది. ప్రతి వేలికీ ఒక కథ ఉంది, ఎదటి బ్యాటర్ పేరుతో సహా. అన్నీ చెప్పి, "ఇప్పుడు యోగి చేతులు చూడాలి నువ్వు" అన్నాడు.

యోగి ఎవరని అడిగాను. ఆయన నన్ను చూసిన చూపు చూస్తే, గుంటూరులో ఎన్టీరామారావు ఎవరండీ అని అడిగినా అంత ఆశ్చర్యపోయి ఉండరు.

* * *

యోగి బెర్రా అంటే యాంకీస్ పేరుమోసిన క్యాచర్. అసలు పేరు లొరెంజో పియెత్రో బెర్రా. సెయింట్ లూయిస్‌లో ఇటాలియన్లు ఉండే 'ది హిల్' అనే పేటలో 1925లో పుట్టాడు. తండ్రిది ఇటుకల ఫ్యాక్టరీలో పని. ఎనిమిదో తరగతితో బడి మానేసి, చెప్పుల ఫ్యాక్టరీలో మేకులు పీకే పనికి కూడా వెళ్ళాడు. బేస్‌బాల్ ఆడి ఎవడు బాగుపడ్డాడు అని తండ్రి ఒప్పుకోకపోతే, అన్నలు బతిమాలి పంపించారు. ఎదురింటి కుర్రాడు జో గరజియోలా కూడా క్యాచరే. ఊరి జట్టు కార్డినల్స్ వాళ్ళు గరజియోలాకి 500 డాలర్లిచ్చి తీసుకున్నారు, బెర్రాకి అంతకంటే తక్కువ ఇస్తామన్నారు. వాడికిచ్చినంత నాకూ ఇస్తేనే వస్తాను అని మొండికేశాడు. చివరికి అదే 500 ఇచ్చి న్యూయార్క్ యాంకీస్ తీసుకున్నారు. "మా వాళ్ళకి మాట పట్టింపు ఎక్కువ" అని ఓనరు ఈ ఘట్టం దగ్గర ఛాతీ విరుచుకునేవాడు. ఆయన తల్లిదండ్రులూ ఇటలీ నుంచి వచ్చినవాళ్ళే.

యోగి అన్న పేరు చిన్నప్పటి స్నేహితులు పెట్టారు. ఏదో సినిమాహాల్లో ఇండియా మీద చిన్న చిత్రం చూశారట. అందులో పద్మాసనం వేసుకు కూర్చున్న సాధువు అచ్చం మనవాడిలాగే ఉన్నాడని ఒకడన్నాడు. తన బ్యాటింగ్ వంతు వచ్చేదాకా బెర్రా చేతులు కట్టుకుని మఠం వేసుకుని కూర్చునేవాడట. అంతే, లొరెంజో పోయి యోగి మిగిలాడు. నేను ఇండియా వాణ్ణి కాబట్టి ఈ కథ నాకు మరీ మరీ చెప్పేవాడు ఓనరు. మా ఆవిడకి ఒకసారి, ఇంటికొచ్చిన మా పిన్నిగారికి ఒకసారి చెప్పాడు. పిన్నిగారు శ్రద్ధగా విని, "ఏ మఠమో కనుక్కోరా" అంది నాతో.

మా ఓనరు నెవార్క్‌లో పెరిగాడు. యాంకీస్‌కి అనుబంధంగా ఉండే నెవార్క్ బేర్స్ జట్టు అక్కడి రుపర్ట్ స్టేడియంలో ఆడేది. 1946లో యోగి ఆ జట్టుకి వచ్చాడు. అప్పటికి నౌకాదళంలో పనిచేసి, రెండో ప్రపంచ యుద్ధంలో నార్మండీ దాడి రోజున ఒడ్డుకి దగ్గరగా వెళ్ళే చిన్న రాకెట్ పడవలో ఉండి, యుద్ధం చూసి తిరిగొచ్చిన 21 ఏళ్ళ కుర్రాడు. ఎత్తు అయిదడుగుల ఏడంగుళాలు, పొట్టి మెడ, వెడల్పాటి భుజాలు. పిల్లాడిగా ఉన్న మా ఓనరు గోడ పక్కన నిలబడి చూశాడట. "బ్యాటింగ్ అంటావా, నెత్తి మీంచి పోయే బంతినీ కొట్టేవాడు, పాదాల దగ్గర పడే బంతినీ కొట్టేవాడు. కానీ పరుగు దారిలో రెండో మజిలీ అయిన సెకండ్ బేస్‌కి విసిరిన బంతి ఎక్కడికి పోతుందో దేవుడికే తెలియాలి. సెంటర్ ఫీల్డర్ పరిగెత్తి తెచ్చేవాడు" అని చెప్పి పడీ పడీ నవ్వేవాడు.

యాంకీస్‌కి మొదటి ఆట అదే ఏడాది సెప్టెంబరు 22న ఆడాడు. ఆ రోజే హోమ్ రన్ (మన సిక్సర్ లాంటిది) కొట్టాడు. మరుసటి ఏడాది, సీజన్ చివర ఛాంపియన్‌ని తేల్చే వరల్డ్ సిరీస్‌లో బ్రూక్లిన్ డాడ్జర్స్ ఆటగాళ్ళు, ఇతని చెయ్యి తిన్నగా లేదని కనిపెట్టి, బేస్‌లు దొంగిలించి, అంటే బంతి వేస్తుండగానే తర్వాతి బేస్‌కి పరిగెత్తి, హడలగొట్టారు. చివరికి క్యాచర్ చోటు నుంచి తీసి అవుట్‌ఫీల్డ్‌లో నిలబెట్టాల్సి వచ్చింది.

* * *

చదివేవాళ్ళలో చాలామందికి బేస్‌బాల్ తెలియదు కాబట్టి క్యాచర్ ఏం చేస్తాడో కాస్త చెప్పాలి. నాకు ఓనరు వంటగదిలో ఉప్పు డబ్బా, మిరియాల డబ్బా, వెన్న గిన్నె పెట్టి చెప్పాడు.

పిచర్, అంటే బంతి వేసేవాడు, నిలబడేది 60 అడుగుల 6 అంగుళాల దూరంలో. బంతి నేల తాకకుండా నేరుగా వస్తుంది, గంటకి 90 మైళ్ళు మామూలే. మన కీపర్ ఫాస్ట్ బౌలర్‌కి ఎంతో వెనక్కి వెళ్ళి నిలబడతాడు. ఇక్కడ క్యాచర్ బ్యాటర్ వెనకే గొంతుకూర్చుని ఉంటాడు, బ్యాటు ఊపితే మిట్‌కి తగిలేంత దగ్గరగా. ముఖానికి ఇనప జాలీ, ఛాతీకి కవచం, మోకాళ్ళకి రక్షలు. ఆ సరంజామాకి అక్కడి ఆటగాళ్ళు పెట్టుకున్న పేరుకి అర్థం 'తెలివితక్కువవాడి పనిముట్లు' అని. తెలివున్నవాడెవడూ ఈ పనికి ఒప్పుకోడని వాళ్ళ హాస్యం. నిజానికి జట్టులో ఎక్కువ తెలివి ఉండాల్సింది వాడికే. మిగతా ఎనిమిది మందీ ఒకవైపు చూస్తుంటే వాడొక్కడే వాళ్ళకి ఎదురుగా కూర్చుని మైదానమంతా చూస్తాడు. ఏ బంతి వెయ్యాలో వాడే చెప్తాడు. కుడి చెయ్యి తొడల మధ్య దాచి, వేళ్ళతో సైగ. ఒక వేలంటే ఫాస్ట్, రెండంటే కర్వ్. స్టేడియం నీడలో పిచర్‌కి వేళ్ళు ఆనకపోతే క్యాచర్లు గోళ్ళకి తెల్ల రంగు వేసుకునేవాళ్ళు. సెకండ్ బేస్ మీద ఎదటి జట్టువాడు ఉంటే ఆ సైగలు వాడూ చూస్తాడు కాబట్టి అప్పటికప్పుడు లెక్క మార్చెయ్యాలి.

ఇప్పుడు ఆ వేళ్ళ భాష కూడా పోయింది. 2022 నుంచి పెద్ద లీగుల్లో క్యాచర్ బటన్ నొక్కితే పిచర్ టోపీలో మాట వినపడుతుంది. మంచిదే, దొంగచూపుల గొడవ తప్పింది. నాకు మాత్రం టీవీలో ఆ వేళ్ళు కనపడకపోవడం వెలితిగానే ఉంటుంది.

కీపర్‌గా నాకు మొదట అర్థం కానిది మిట్. మనకి రెండు చేతులకీ గ్లోవ్స్. వాళ్ళకి ఎడమ చేతికి దోసె పెనమంత గుండ్రటి తోలు సంచీ, కుడి చెయ్యి ఖాళీ. ఓనరు తన మిట్ తొడిగి చూపించాడు. చూపుడు వేలు లోపల పెట్టకుండా వెనక వైపు బయటికి తీసి ఉంచాడు. ఎందుకు అంటే, బంతి దెబ్బ సరిగ్గా ఆ వేలి మొదట్లో పడుతుంది, బయట పెడితే మిట్‌కీ చేతికీ మధ్య కొంచెం సందు దొరుకుతుంది. "యోగి దగ్గర నేర్చుకున్నాం ఇది" అన్నాడు. వేలు అలా బయట పెట్టిన మొదటి క్యాచర్లలో యోగి ఒకడు. మా మనవడి కొత్త మిట్ వెనకాల కూడా వేలు పెట్టుకోవడానికి ప్రత్యేకంగా తోలు తొడుగు కుట్టి ఉంది.

* * *

తిన్నగా విసరడం కూడా చేతకాని కుర్రాడు గొప్ప క్యాచర్ ఎలా అయ్యాడు? ఓనరు చెప్పే కథల్లో నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. 1949లో కేసీ స్టెంగల్ మేనేజర్‌గా వచ్చి, యాంకీస్ పాత క్యాచర్ బిల్ డికీని పిలిపించి యోగిని ఆయన చేతిలో పెట్టాడు. డికీ మహా ఆటగాడు, ఎనిమిదో నంబరు చొక్కా ఆయనదే. అప్పటికి అది యోగి ఒంటి మీద ఉంది. తన చొక్కా వేసుకున్న కుర్రాడికి దగ్గరుండి మొదటి నుంచీ నేర్పాడు. బ్యాటర్‌కి ఇంకొంచెం దగ్గరగా కూర్చోవడం, బంతి అందగానే కాళ్ళు ఎలా సర్దుకోవాలి, ఎలా విసరాలి, ఎత్తుగా లేచిన బంతి కోసం ఎటు తిరగాలి, అన్నీ. తర్వాతెప్పుడో 1972లో యాంకీస్ ఆ నంబరుని ఇద్దరి పేరు మీదా కలిపి శాశ్వతంగా పక్కన పెట్టారు.

ఫలితం కొన్నేళ్ళలోనే కనపడింది. 1957 నుంచి 1959 దాకా వరసగా 148 ఆటల్లో క్యాచర్‌గా ఒక్క తప్పు కూడా చెయ్యలేదు. లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడి బహుమతి మూడుసార్లు, 1951లో, 54లో, 55లో. ఆటగాడిగా పది వరల్డ్ సిరీస్‌లు గెలిచాడు, ఆ రికార్డు ఇప్పటికీ ఎవరూ అందుకోలేదు. బ్యాటుతో 358 హోమ్ రన్‌లు. నన్నడిగితే వీటన్నిటికంటే 1950 లెక్క వింత. ఆ ఏడాది మొత్తం మీద అతను స్ట్రైకవుట్ (మూడు స్ట్రైకులు పడి అవుటవడం) అయింది 12 సార్లే. ఇప్పటి ఆటగాళ్ళు కొందరు ఒక్క వారంలో అన్నిసార్లు అవుతారు.

బ్యాటర్లతో కబుర్లాడి వాళ్ళ ధ్యాస చెడగొట్టడం ఇంకో విద్య. పిల్లలెలా ఉన్నారు, చేపలు పడ్డాయా, రాత్రి భోజనం ఎక్కడ చేశావు అని అడుగుతూనే ఉండేవాడట. హ్యాంక్ ఆరన్‌తో "బ్యాట్ తిప్పి పట్టుకో, దాని మీద రాసింది చదవగలిగేలా" అంటే, "నేనొచ్చింది చదవడానికి కాదు" అని ఆరన్ జవాబిచ్చాడని చెప్పుకుంటారు. ఈ కథ విన్న రోజు నాకు మా గుంటూరు గ్రౌండ్ కళ్ళకి కట్టింది. ఎదటి కాలేజీ ఓపెనర్ గార్డ్ తీసుకుంటుంటే వెనక నుంచి "బావా, సంబంధాలు చూస్తున్నారటగా?" అనేవాణ్ణి. వాడు నవ్వాపుకోలేక పక్కకి జరిగితే అంపైర్ నన్ను తిట్టేవాడు. అది ఇంగ్లీషులో ఓనరుకి చెప్పడానికి చాలా తంటాలు పడ్డాను. చివరికి అర్థమయ్యాక బల్ల మీద గుద్ది నవ్వాడు. ఆ తర్వాత మెట్ల మీద ఎప్పుడు ఎదురుపడినా "బావా" అనే పిలిచేవాడు. పెళ్ళయి ఇద్దరు పిల్లలున్నవాణ్ణి, అలా పిలిపించుకోవడం తమాషాగా ఉండేది.

* * *

అప్పట్లో టీవీలో యాంకీస్ ఆటలకి ఫిల్ రిజూటో వ్యాఖ్యానం చెప్పేవాడు. యోగితో కలిసి ఆడినవాడే. ఇద్దరూ కలిసి మా క్లిఫ్టన్‌లోనే బౌలింగ్ హాలు కూడా నడిపారు ఒకప్పుడు. రిజూటో వ్యాఖ్యానంలో ఆట తక్కువ, ఊరి కబుర్లు ఎక్కువ. ఎవరి పుట్టినరోజు, ఏ బేకరీ వాళ్ళు కన్నోలీ పంపించారు, ఇవే. వంతెన మీద ట్రాఫిక్ పెరగకముందే ఇల్లు చేరాలని ఆట అవకముందే లేచి వెళ్ళిపోయేవాడు. ఆదివారం మధ్యాహ్నం కింద నుంచి ఆ గొంతు, దాంతోపాటు ఓనరమ్మ పొద్దుటి నుంచి సన్నసెగ మీద ఉడికించే టమాటా, వెల్లుల్లి వాసన మేడ మీదికి వచ్చేవి. ఆమె వంకాయ, చీజ్ పొరలుగా వేసి చేసిన పళ్ళెం పంపిస్తే, మా ఆవిడ గోంగూర పచ్చడి గిన్నె దింపేది. ఓనరు గోంగూర బ్రెడ్ మీద రాసుకుని తినేవాడు. కళ్ళు తుడుచుకుంటూ తినేవాడు.

ఆయనకి ఒకే ఒక్క విషయంలో విపరీతమైన కోపం వచ్చేది. యోగి అనగానే జనం తమాషా మాటలు తలుచుకోవడం. నిజమే, అతని మాటలు ఊళ్ళో సామెతలైపోయాయి. "అయిపోయేదాకా అయిపోనట్టే" అన్నది ఎక్కువమందికి తెలుసు. 1973లో మెట్స్ జట్టుకి మేనేజర్‌గా ఉన్నప్పుడు, నడివేసవిలో అట్టడుగున ఉన్న జట్టుని వరల్డ్ సిరీస్ దాకా తీసుకెళ్ళాడు, ఆ ఏటి మాట అది. "దారి రెండుగా చీలితే, ఆ దారే పట్టు" అన్నది ఇంకోటి. వినడానికి తిక్కగా ఉంటుంది కానీ, మాంట్‌క్లెయిర్‌లో వాళ్ళింటికి దారి చెప్తూ అన్న మాట అది. ఎటు తిరిగినా ఇల్లు వస్తుంది. అక్టోబరులో లెఫ్ట్ ఫీల్డ్‌లో సాయంత్రం నీడలు తొందరగా పరుచుకుంటాయని, "అక్కడ పెందలాడే ఆలస్యమైపోతుంది" అన్నాడట. ఆ చోట నిలబడి ఎండ కళ్ళలో పడ్డవాడికి తెలుస్తుంది, అందులో తప్పేమీ లేదని.

"జోకర్‌ని చేసేశారు వాణ్ణి" అనేవాడు ఓనరు. "ముప్పై ఏడేళ్ళ వయసులో డెట్రాయిట్‌లో 22 ఇన్నింగ్స్ ఆట మొత్తం వాడే క్యాచర్‌గా కూర్చున్నాడు. ఏడు గంటలు. మోకాళ్ళ మీద. అది ఎవడైనా చెప్తాడా?" 1962లో జరిగింది అది. తొమ్మిది ఇన్నింగ్స్‌కే ఎవరికైనా తొడలు పట్టేస్తాయి. కోపం వచ్చినప్పుడు ఆయన తన మోకాళ్ళని కూడా తడిమి చూసుకునేవాడు.

నేను కూడా ఆయన పక్షమే. కీపింగ్ చేసినవాడికి తెలుస్తుంది. బాగా చేస్తే ఎవరికీ కనపడదు, వదిలేస్తే ఊరంతా చూస్తుంది. 1951లో బోస్టన్‌తో ఆటలో అలాగే అయింది. యాంకీస్ పిచర్ యాలీ రేనాల్డ్స్ ఒక్క హిట్ (బ్యాటర్‌ని బేస్ చేర్చే దెబ్బ) కూడా ఇవ్వలేదు, ఇంకొక్కడు అవుటైతే చరిత్ర. ఆ ఒక్కడూ బోస్టన్ మేటి బ్యాటర్ టెడ్ విలియమ్స్. బంతి నిట్టనిలువుగా పైకి లేచింది. యోగి ముఖం మీది జాలీ పారేసి, తల పైకెత్తి, వెనక్కి వెనక్కి జరిగి, వదిలేశాడు. అలా లేచిన బంతి గిర్రున తిరుగుతూ మైదానం లోపలికి వంపు తిరుగుతుంది, చూసేవాళ్ళు అనుకున్నంత తేలిక కాదు. టెడ్ విలియమ్స్‌కి ఇంకో అవకాశం ఇవ్వడమంటే మాటలా! కానీ మరుసటి బంతికే విలియమ్స్ మళ్ళీ అలాగే పైకి లేపాడు. ఈసారి పట్టుకున్నాడు. రెండో క్యాచ్ గురించి చెప్తూ ఓనరు కుర్చీలోంచి లేచి, పైకప్పు వైపు చూస్తూ, స్టవ్ దాకా వెనక్కి నడిచేవాడు. ఓనరమ్మ గరిటె అడ్డం పెట్టేది.

1956 అక్టోబరు 8 గురించి అయితే ఆయన లేచి నిలబడకుండా, గొంతు తగ్గించి చెప్పేవాడు. డాన్ లార్సెన్ అనే పిచర్, అదే సిరీస్‌లో కొద్ది రోజుల ముందు చావుదెబ్బ తిన్నవాడు. అలాంటివాడు ఆ రోజు డాడ్జర్స్‌కి ఒక్కడిని కూడా బేస్ చేరనివ్వలేదు. 27 మంది వచ్చారు, 27 మందీ వెనుదిరిగారు. 97 బంతులు. వరల్డ్ సిరీస్‌లో అలాంటి పర్ఫెక్ట్ గేమ్ అంతకుముందు లేదు, ఇప్పటిదాకా మళ్ళీ రాలేదు. యోగి అడిగిన బంతికి లార్సెన్ ఒక్కసారి కూడా తల అడ్డంగా ఊపలేదంటారు. చివరి బ్యాటర్ అవుటవగానే యోగి పరిగెత్తుకెళ్ళి చిన్నపిల్లాడిలా లార్సెన్ మీదికి దూకి కాళ్ళు చుట్టేశాడు, ఆ ఫోటో అమెరికాలో తెలియనివాళ్ళుండరు. "అందరూ లార్సెన్ 97 బంతులు వేశాడంటారు. అడిగిందెవరు? ఆ 97 ఎవరివి?" అని ఓనరు నిలదీసేవాడు. నన్ను నిలదీస్తే నేనేం చెప్తాను!

* * *

యోగిని ఉద్యోగం లోంచి తీసేసిన తీరు వేరే కథ. 1964లో మొదటిసారి యాంకీస్ మేనేజరై, జట్టుని వరల్డ్ సిరీస్ చివరి ఆట దాకా తీసుకెళ్ళాడు. ఓడిపోయిన మర్నాడే ఇంటికి పంపారు. గెలిచిన కార్డినల్స్ మేనేజర్‌ని తెచ్చి ఆ కుర్చీలో కూర్చోబెట్టారు. రెండోసారి 1985లో. సీజన్ మొదలై పదహారు ఆటలయ్యాయో లేదో, జట్టు యజమాని జార్జ్ స్టైన్‌బ్రెనర్ తను రాకుండా వేరేవాళ్ళ చేత కబురు పంపి తీసేయించాడు. తీసెయ్యడం తప్పు కాదు, ముఖం చూసి చెప్పకపోవడం తప్పు అని యోగి బాధ. స్టైన్‌బ్రెనర్ ఉన్నంతకాలం ఆ స్టేడియంలో అడుగుపెట్టనన్నాడు. పద్నాలుగేళ్ళు పెట్టలేదు. 500 డాలర్ల కోసం ఊరి జట్టుని వదులుకున్న ఆ పట్టుదలే ఇక్కడా.

1999 జనవరిలో స్టైన్‌బ్రెనర్ మాంట్‌క్లెయిర్ స్టేట్ యూనివర్సిటీ దగ్గరున్న యోగి మ్యూజియానికి స్వయంగా వచ్చి క్షమాపణ చెప్పుకున్నాడు. కొంచెం ఆలస్యంగా వస్తే యోగి వాచీ చూసుకుని "లేటయ్యారు" అన్నాడట. ఆ వేసవిలో, జులై 18న, యాంకీ స్టేడియంలో యోగి బెర్రా రోజు జరిపారు.

మాకు అది వైటూకే (2000లో కంప్యూటర్లలో తేదీలు తప్పుతాయన్న భయం) కాలం. శని ఆదివారాల్లో కూడా ఆఫీసే. ఆ ఆదివారం మాత్రం పేజర్ మేడ మీద వదిలేసి కిందికి దిగాను. ఫ్యాన్ తిరుగుతున్నా చెమటలు. లార్సెన్ వచ్చి యోగికి లాంఛనంగా మొదటి బంతి విసిరాడు. ఆ తర్వాత అసలు ఆట. మధ్యలో వాన పడి ఆగింది, మళ్ళీ మొదలైంది. యాంకీస్ పిచర్ డేవిడ్ కోన్ ఒకడి తర్వాత ఒకణ్ణి పంపించేస్తున్నాడు. ఆరో ఇన్నింగ్స్ దాటాక ఓనరు మాట్లాడటం మానేశాడు. పర్ఫెక్ట్ గేమ్ జరుగుతుంటే ఆ మాట పైకి అనకూడదు, అంటే దిష్టి తగులుతుందని వాళ్ళ నమ్మకం. నాకేం తెలుసు, "ఇంకా ఒక్కడు కూడా..." అని నోరు తెరిచాను. ఓనరమ్మ నా నోట్లో బిస్కెట్ కుక్కినంత పని చేసింది. చివరి బంతి మూడో బేస్ దగ్గర గాల్లోకి లేచి స్కాట్ బ్రోషస్ చేతిలో పడింది. 27 మంది, 27 అవుట్లు, 88 బంతులు. యోగి, లార్సెన్ ఇద్దరూ స్టేడియంలో చూస్తుండగా. కథలో రాస్తే ఎవరూ నమ్మరు.

అదే ఏడాది మా గుంటూరు కుర్రాడు ఎమ్మెస్కే ప్రసాద్ ఇండియాకి టెస్టుల్లో కీపింగ్ చేశాడు. ఆ వార్త పట్టుకుని మెట్లు దిగి ఓనరుకి చెప్పాను. ఎక్కడిది గుంటూరు, ఏమిటా ఆట, ఏమీ తెలియకపోయినా లేచి నాకు షేక్‌హ్యాండ్ ఇచ్చాడు, ఆ వంకర వేళ్ళతోనే.

* * *

తర్వాత మేము ఎడిసన్‌లో ఇల్లు కొనుక్కుని వెళ్ళిపోయాం. చుట్టూ తెలుగువాళ్ళు, గుడి, కూరగాయల కొట్లు. పిల్లలు పెద్దవాళ్ళయ్యారు. ఓనరుతో ఫోన్ మాత్రం పోలేదు. 2015 సెప్టెంబరులో ఒక పొద్దున ఫోన్ చేసి "బావా" అన్నాడు, ఇంకేమీ అనలేదు. యోగి పోయాడు, తొంభై ఏళ్ళ వయసులో. పోయింది సెప్టెంబరు 22న. యాంకీస్‌కి మొదటి ఆట ఆడిన తేదీ అదే, 69 ఏళ్ళ తర్వాత. ఆయన భార్య కార్మెన్ అంతకు ముందటేడే పోయింది.

ఆ ముందటేడే ఇంకో ఘోరం కూడా జరిగింది. మ్యూజియంలో దొంగలు పడి వరల్డ్ సిరీస్ ఉంగరాలు, రెండు బహుమతి ఫలకాలు ఎత్తుకుపోయారు. 2023లో దొంగల మీద కేసు పెట్టినప్పుడు బయటపడింది, ఉంగరాలని బంగారం కోసం కరిగించేశారని. ఒక్కొక్క ఉంగరానికీ ఎన్ని బంతులు ఆ చేతికి తగిలి ఉంటాయి! ఆ వార్త వచ్చేనాటికి మా ఓనరు లేడు. లేకపోవడమే నయం. ఉండుంటే ఆ మిట్ పట్టుకుని కోర్టుకి వెళ్ళి ఉండేవాడు.

ఆయన గురించి ఎప్పుడు తలుచుకున్నా నాకు ముందు గుర్తొచ్చేది మాత్రం థాంక్స్‌గివింగ్ గొడవ. ఓనరమ్మ తమ్ముడు బ్రూక్లిన్‌లో పుట్టినవాడు. డాడ్జర్స్ జట్టు బ్రూక్లిన్ వదిలి లాస్ ఏంజెలెస్ వెళ్ళిపోయి నలభై ఏళ్ళయినా వాడికి డాడ్జర్స్ అంటే బ్రూక్లినే. పండగ భోజనానికి మమ్మల్ని కూడా పిలిచేవాళ్ళు. టర్కీ కొయ్యడం మొదలెట్టేసరికి గొడవ మొదలయ్యేది. 1955 వరల్డ్ సిరీస్ మొదటి ఆట. థర్డ్ బేస్ నుంచి డాడ్జర్స్ ఆటగాడు జాకీ రాబిన్సన్, క్యాచర్ ముందుండే ఆఖరి బేస్ హోమ్ ప్లేట్ దొంగిలించడానికి ఉరికాడు. యాంకీస్ పిచర్ వైటీ ఫోర్డ్ బంతి విసిరాడు, యోగి పట్టి కిందికి ఆనించాడు, రాబిన్సన్ కాలు జారుస్తూ వచ్చి పడ్డాడు. అంపైర్ సేఫ్ అన్నాడు. యోగి ఎగిరెగిరిపడ్డాడు. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ ఆ ఫోటో మీద ఎవరు సంతకం అడిగినా "వాడు అవుట్" అని రాసి ఇచ్చేవాడు.

"అవుట్" అనేవాడు ఓనరు, కత్తి పైకెత్తి.

"సేఫ్. అయినా ఆ ఏడాది సిరీస్ ఎవరు గెలిచారు బావగారూ? చివరి ఆటలో మీ యోగి కొట్టిన బంతిని సాండీ అమోరోస్ ఎక్కడి నుంచి పరిగెత్తుకొచ్చి పట్టుకున్నాడో చెప్పండి వీళ్ళకి" అనేవాడు తమ్ముడు.

ఒక ఏడాది ఇద్దరూ అలిసిపోయి, "ఇతను కీపర్ కదా, ఇతన్ని అడుగుదాం" అని నా మీద పెట్టారు. అంతకుముందు ఆ వీడియో చాలాసార్లు చూశాను. కాలు ముందు తగిలిందా, మిట్ ముందు తగిలిందా అంటే, నా కళ్ళకి కాలే ముందు కనపడుతుంది. టేబుల్ చుట్టూ అందరూ నా వైపు చూస్తున్నారు. మా ఆవిడ టేబుల్ కింద నుంచి నా కాలు తొక్కింది.

"అవుటే" అన్నాను.

"అద్దెకున్నవాడు ఇంకేమంటాడు!" అన్నాడు తమ్ముడు.

జనవరిలో అద్దె పెంచుతానని ఓనరు అంతకుముందు రెండు మూడుసార్లు అన్నాడు. ఆ ఏడాది పెంచలేదు.